తొమ్మిదో పేజీలో ఉరికిందెవరు

కథల తరగతి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నుంచీ కొత్త నోటుబుక్కుల ఫోటోలే. ఒకామె నీలం అట్ట పుస్తకం మీద మల్లెపూలు పెట్టి ఫోటో తీసింది. ఇంకొకాయన అయిదు పెన్నులు వరుసగా పేర్చి, కింద "ఏడాదికి సరిపడా సరంజామా" అని రాశాడట. రాశాడట అనడం ఎందుకంటే ప్రణాలి దాన్ని చదవలేదు. ఫోనే చదివి వినిపించింది. ప్రణాలికి తెలుగు వచ్చు, తెలుగు అక్షరం రాదు.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో వాళ్లుండే బాబూపేటలో ఈ మాట వింటే ఎవరూ నోరెళ్లబెట్టరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో రెండూ కలిపి ఏది ముందొస్తే అది. ప్రణాలి కోర్పనా అవతల పల్లెలో పుట్టింది. మరాఠీ బడిలో పదో తరగతి గట్టెక్కింది. పదకొండు సగంలో ఉండగా వాళ్ల ఊరికి కాలేజీ బస్సు రావడం మానేసింది, దాంతో చదువూ మానేసింది. రెండేళ్లకు పెళ్లయింది. ఇంకో రెండేళ్లకు ఓవీ పుట్టింది. ఇప్పుడు ఓవీకి మూడేళ్లు, ప్రణాలికి ఇరవై నాలుగు. ఏదైనా రాసుకోవాలంటే తెలుగు మాటనే మరాఠీ అక్షరాల్లో పెట్టుకుంటుంది. సరుకుల చీటీ అంతే, అమ్మకు పెట్టే మెసేజీ అంతే.

అట్లాంటి పిల్ల కథలు రాయడం నేర్పే తరగతిలో ఎట్లా పడిందంటే, దానికీ ఫోనే కారణం. హైదరాబాద్‌లో గిరిజ మేడం అనే ఆమె ఏడాది పాటు శని, ఆదివారాలు ఫోన్లోనే తరగతి నడుపుతుంది. కథ పంపిస్తే, నచ్చిన పన్నెండు మందిని తీసుకుంటుంది. మార్చిలో ఒక మధ్యాహ్నం ప్రణాలి ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, చిన్నప్పుడు పత్తి చేలో జరిగిన సంగతి ఒకటి చెప్పుకుంటూ పోయింది. ఆమె చెబుతుంటే ఫోన్ రాసుకుంటూ పోయింది. రాసింది ఫోన్‌తోనే చదివించుకోవచ్చని అప్పటికి తెలియక అలాగే పంపేసింది. పన్నెండు పేర్లలో ఆమె పేరు వచ్చింది. ఆ రోజంతా ఇంట్లో ఒకచోట కూర్చోలేదు.

ఇప్పుడు మే నెల ఇరవయ్యో తారీకు. మేడం పంపిన మాటను ఫోన్ మూడోసారి చదివింది.

"జూలైలో తరగతి మొదలయ్యే లోపు అందరూ సిద్ధం కావాలి. రోజుకొక పేజీ చొప్పున ఇరవై పేజీలు. ఫోన్లో కాదు, చేత్తో. మీ ఇంట్లో మీరు చూసింది, విన్నది. అందంగా ఉండనక్కర్లేదు, మీ చేతిరాత అయితే చాలు. జూన్ పదిహేనుకల్లా పుస్తకం నా చేతికి అందాలి. అందకపోతే ఆ సీటు వరుసలో తర్వాతి వాళ్లకు వెళ్తుంది."

ప్రణాలి లేచి కూలర్ దగ్గరికి వెళ్లింది. నీళ్లున్నాయి. వంటింట్లోకి వెళ్లింది. ఎందుకు వచ్చిందో గుర్తు రాక తిరిగొచ్చింది. చాప మీద నిద్రపోతున్న ఓవీ నుదుటి మీద చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. తీసి మళ్లీ పెట్టింది.

"ఓ తాన నిలువవేందే పిల్లా?" అంది అత్త గౌరమ్మ, గోడకానుకుని వెల్లుల్లి ఒలుస్తూ. "దాని నెత్తి మీద గంటకు పది సార్లు చెయ్యి పెడితివి. చల్లగున్న పిల్లకు నువ్వే జెరం తెచ్చేటట్టున్నవ్."

పోయిన ఎండాకాలం ఓవీకి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. అయిదేళ్లు నిండేదాకా మళ్లీ రావొచ్చు, జ్వరం ఎక్కకుండా చూసుకోండి అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి థర్మామీటరు ప్రణాలి పర్సులో ఉంటుంది, జ్వరం మందు సీసా ఫ్రిజ్ తలుపులో ఉంటుంది. శని, ఆదివారాలు రెండేసి గంటలు తను తరగతిలో ఉంటే పిల్లను ఎవరు చూస్తారన్నది ఒక దిగులు. దానికన్నా ముందు ఈ ఇరవై పేజీల దిగులు.

ఫోన్ తెర మీది అక్షరాలు చూసి గీద్దామని ఆ సాయంత్రమంతా కూర్చుంది. ఒక్కో అక్షరం ఎక్కడ మొదలవుతుందో, పెన్ను ఎటు తిరగాలో తెలియలేదు. ఒక వరుస గీసేసరికి చీమలు నలిగి పడినట్టయింది. ఆమె భర్త ఎల్లేష్ అప్పుడే దుకాణం నుంచి వచ్చాడు. అతను కూలర్లు బాగుచేస్తాడు. మే నెలలో అతనికి తల గీరుకునే తీరిక ఉండదు.

"ఏం రైటర్ మేడం, గదేంది, డిజైనా?" అన్నాడు, కాగితం మీదికి వంగి.

"తెలుగు."

"అరే వా. నేను కూలర్ గడ్డి అనుకున్న." ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. "మామనడుగు మరి. ఖాళీగనే ఉన్నడు గద. తెలుగు రాసుడంటే ఆయనకు పండుగ."

మామ అంటే బాపయ్య, గౌరమ్మకు అన్న. విరూర్‌లో ఉంటాడు. అక్కడ కొడుకు ఇల్లు పడగొట్టి కట్టిస్తుండడంతో ఈ ఎండాకాలానికి చెల్లెలి దగ్గరికొచ్చాడు. చిన్నతనంలో సిర్పూర్‌లో మేనమామ ఇంట్లో ఉండి తెలుగు బడికి పోయాడు. భజన పాటలన్నీ తన చేత్తో రాసుకున్న లావు పుస్తకం ఒకటి ఎప్పుడూ ఆయన సంచిలో ఉంటుంది. అక్షరాలు ముత్యాలను వరుసగా గుచ్చినట్టుంటాయని విరూర్‌లో పేరు.

మర్నాడు ప్రణాలి అడిగితే బాపయ్య మీసం దువ్వుకున్నాడు.

"నువ్వు చెప్తవు, నేను రాస్త. గంతే గద? దీనికింత బుగులేంది బిడ్డా. నా దస్తూరి చూసి మీ మేడం కుర్చీల నుంచి లేవకపోతే చూడు."

మీ చేతిరాత అయితే చాలు అన్న మాట ప్రణాలి చెవిలో ఒకసారి గిర్రున తిరిగింది. పేజీలు నావే కదా, చెయ్యి ఒక్కటే మామది అనుకుంది. సీటు పోతుందనే భయం ముందు ఆ మాట నిలవలేదు.

అట్లా మొదలైంది. పొద్దున ఓవీ లేవకముందే ప్రణాలి తన మరాఠీ అక్షరాల్లో పేజీ రాసుకునేది. అన్నాలు తిన్నాక, ముందు గదిలో కూలర్ హోరులో బాపయ్య సందూక ముందర చాప మీద కూర్చునేవాడు. ఆ రేకుపెట్టే ఆయనకు బల్ల. మేనమామ వరుస పెద్దమనిషి పక్కన కోడలు కూర్చోవడం వాళ్లలో లేదు. కాబట్టి ప్రణాలి సందూకకు అవతల, ఆయనకు ఎదురుగా, కొంగు తల మీదికి లాక్కుని కూర్చునేది. తన వహీ చూసి చదివేది. వహీ అంటే నోటుబుక్కే, మరాఠీ బడికి పోయిన వాళ్లందరికీ అది వహీయే. ఆమె చదువుతుంటే ఆయన రాసేవాడు.

చదువుతూనే ప్రణాలి కళ్లు ఆయన పెన్ను వెంట పోయేవి. అది ఎక్కడ దిగుతోంది, ఎటు తిరుగుతోంది, ఎక్కడ లేస్తోంది. "గిదేంది మామా?" అని అడిగేది. "అ" అనేవాడు. "గిది?" "గిది మ. కింద ఇంకోటి తగిలిస్తే మ్మ. అమ్మ." ఓవీ పేరు ప్రతి పేజీలో పది సార్లు వచ్చేది, కాబట్టి అది ముందు పట్టుబడింది. తర్వాత "పాప". తర్వాత "నేను". వంట చేస్తూ వేలితో గాలిలో "నేను" అని రాసుకునేది. పిండి డబ్బా మీద రాసి తుడిచేసేది.

ఒక్కటే ఆమెకు అర్థం కాలేదు. కొన్నిసార్లు తను చదవడం ఆపిన తర్వాత కూడా మామ పెన్ను నడుస్తూనే ఉండేది. తెలుగు అక్షరాలకు జాగా, సమయం ఎక్కువ పడతాయేమోలే అనుకుంది.

తొమ్మిదో రోజు పేజీని మాత్రం గౌరమ్మ పక్కింటికి పోయేదాకా ఆగి చదివింది.

"పోయిన ఎండకాలం మా ఓవీకి జెరమొచ్చింది. మధ్యాహ్నం రెండు గొట్టింది. పిల్ల కండ్లు పైకి తేలిపోయినయ్. చేతులు గుంజుకుంట ఉన్నయ్. మా అత్త తాళపుచెవి తెచ్చి పిల్ల పిడికిట్ల పెట్టి, దేవుని దిక్కు తిరిగి దండం పెట్టుకుంట నిలబడ్డది. ఆగుతది, జెర ఆగు, అన్నది. నేను ఆగలేదు. నేను పిల్లను గుంజుకున్న. నేను ఉరికిన. సడక్ దాంక ఉరికిన. నేను నడి సడక్ మీద నిలబడితె ఆటో ఆగింది. దవఖానల పిల్ల కండ్లు తెరిచింది."

బాపయ్య చాలాసేపు రాశాడు. రాసి, పుస్తకం మూశాడు.

జూన్ ఎనిమిదో తారీకు నాటికి పద్దెనిమిది పేజీలయ్యాయి. ఆ పొద్దున ఎల్లేష్ బల్లార్‌పూర్ నుంచి ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా తెచ్చి పడేసి పోయాడు. తెలంగాణ నుంచి వచ్చిన బస్తా, మీద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలు. ప్రణాలి దాని ముందు గొంతుక్కూర్చుని చదవబోయింది. ఒక్క అక్షరమూ రాలేదు. పద్దెనిమిది రోజులు చూస్తే ఇంతేనా అని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. లేచి, మూతి విప్పి, బస్తాను డబ్బాలోకి బోర్లించింది. బియ్యం జారుతుండగా కళ్ల ముందు బస్తా తలకిందులైంది.

"బి," అంది ప్రణాలి. "య్యం." ఆగింది. "బియ్యం!"

బియ్యం సగం డబ్బాలో, సగం నేల మీద. పరుగెత్తుకొచ్చిన గౌరమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, ఏం చేత్తున్నవే పిల్లా? సోయున్నదా?"

"అత్తా, నాకు సదువొస్తుంది! గాని తలకిందులు చేస్తెనే వస్తుంది."

"ఏంది వచ్చేది?"

"అక్షరం. మామకు ఎదురుంగ కూసుంటిగద. నేను అన్నీ ఉల్టా నేర్చిన."

గౌరమ్మ కాసేపు ఆమెను చూసి, గింజలు ఎత్తడానికి కూర్చుంది. "మంచిగున్నది సంబడం. ఇగ పేపర్ సదవాల్నంటే గోడకు కాళ్లు పెట్టి నిలబడు."

ప్రణాలికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే గింజలెత్తింది, నవ్వుతూనే డబ్బా మూసింది. ముందు గదిలో బాపయ్య గురక పెడుతున్నాడు. సందూక మీద నోటుబుక్కు ఉంది. తలకిందులుగా తిప్పి పట్టుకుని వంటింటి గడపలో కూర్చుంది. ఏ పేజీ చదవాలో వెతుక్కోనక్కర్లేదు. తొమ్మిదో పేజీ.

గబగబా చదవడం ఆమెకు రాదు. తెలిసిన మాటలను ఏరుకుంటూ పోవడమే. ఆ పేజీలో "నేను" చాలా సార్లు ఉండాలి. నేను ఆగలేదు, నేను గుంజుకున్న, నేను ఉరికిన. వేలు పెట్టి వెతికింది. ఒక్కటే దొరికింది, అదీ ఎక్కడో చివర్లో. దాని బదులు ఇంకేదో మాట మాటిమాటికీ ఎదురొస్తోంది. "గ" కాదు, "గౌ". ర. మ్మ.

గౌరమ్మ. గౌరమ్మ. గౌరమ్మ.

నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. పప్పు పొంగి పొయ్యి ఆరిపోయినా లేవలేదు. గంట పైన పట్టింది. ఓవీ వచ్చి మెడ పట్టుకుని ఊగితే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేతి వేలిని అక్షరం మీదే ఉంచింది. చివరికి పేజీలో ఉన్నది ఇది:

"నా పూజ్యులైన అత్తగారు గౌరమ్మగారు బిడ్డను ఎత్తుకొని రాజమార్గమున పరుగెత్తిరి. గౌరమ్మగారు ఆటోను ఆపిరి. గౌరమ్మగారి పుణ్యమున బిడ్డ కన్నులు తెరిచెను. నేను వెనుక ఏడ్చుచు నడిచితిని."

బాపయ్య లేచి మొహం కడుక్కుని వచ్చేసరికి ప్రణాలి సందూక అవతల కూర్చుని ఉంది. పుస్తకం మధ్యలో తెరిచి ఉంది.

"పంతొమ్మిదోది మొదలు పెడుదమా బిడ్డా?"

"మామా, తొమ్మిదోదాంట్ల ఏం రాసినవ్?"

ఆయన తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పిందే రాసిన."

"నేను ఉరికిన్నని చెప్పిన. నువ్వు అత్త ఉరికిందని రాసినవ్."

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"సదివిన."

బాపయ్య ఒకసారి పుస్తకాన్ని, ఒకసారి ఆమెను చూశాడు. కోపం రాలేదు గానీ మీసం మీదికి చెయ్యి పోలేదు. నిదానంగా కూర్చున్నాడు.

"చూడు బిడ్డా. ఇంటి ముచ్చట హైదరాబాద్ దాంక ఎందుకు? అది నా చెల్లె. తాళపుచెవి పట్టుకొని నిలబడ్డది అని రాస్తె పన్నెండు మంది సదువుతరు. నవ్వుతరు. ఉరికింది ఎవలైతేంది? పిల్ల బతికిందా లేదా?"

"ఎవలైతేందంటవేంది మామా!" ప్రణాలి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. పెద్దమనిషి ముందు అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "నేనే ఉరికిన. ఈ ఇంట్ల నేను ఎవలిని అడగకుంట చేసిన పని గదొక్కటే. గది గూడ అత్తకే ఇస్తవా?"

వంటింటి తలుపు దగ్గర గౌరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"ఏంది లొల్లి?"

గౌరమ్మ వచ్చి సందూక పక్కన చతికిలబడింది. "నా పేరు వినబడ్డది. ఏం రాసినవ్ అన్నా నా మీద?"

బాపయ్య గొంతు సవరించుకుని చదివాడు. రాజమార్గం దగ్గరకు వచ్చేసరికి గౌరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను ఉరికిన్నా? గీ మోకాళ్లతోని? సంతకు పోతె ఆటో దిగనీకే ఇద్దరు పట్టాలె నన్ను. నువ్వు రాస్తివి, నమ్మేటోడు నమ్ముతడు గని, గీ బాబూపేట మొత్తం నవ్వుతది నిన్ను చూసి." తర్వాత ఆమె ప్రణాలి వైపు తిరిగింది. నవ్వు పోయింది. "నువ్వేం రాసినవ్? తాళపుచెవి ముచ్చట రాసినవా?"

"రాసిన అత్తా."

"దేవుని దిక్కు తిరిగి నిలబడ్డనని?"

"రాసిన."

గౌరమ్మ చాప అంచు పీకుతూ కూర్చుంది. పీకిన పోగును వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఇనుము పట్టిస్తె ఆగుతదని మా అమ్మ చెప్పింది. మా తమ్మునికి గట్లనే పట్టిచ్చింది. వాడు బతకలేదు. నాకు కాళ్లు ఆడలేదు ఆ రోజు. పిల్లను చూడలేక గోడ దిక్కు తిరిగిన, దేవుడున్నడో లేడో గూడ చూడలే." లేచి నిలబడడానికి సందూక పట్టుకుంది. "రాస్తె అది గూడ రాయి. సగం రాసి నన్ను బద్నాం చెయ్యకు."

ఆ తమ్ముడి సంగతి ప్రణాలి అయిదేళ్లలో ఒక్కసారీ వినలేదు. బాపయ్య తల వంచుకుని పెన్ను మూత పెట్టాడు.

ఇంక నాలుగు రోజుల్లో పోస్టులో వేస్తేనే పదిహేనుకు చేరుతుంది. మామ రాసిన పుస్తకం పంపితే సీటు ఉంటుంది, పేజీ ఉండదు. తన మరాఠీ అక్షరాల వహీ పంపితే పేజీ ఉంటుంది, సీటు ఉంటుందో ఉండదో. ప్రణాలి పెరట్లోకి పోయింది, బట్టలు ఎండకముందే తీసింది, మళ్లీ ఆరేసింది. చివరికి ఓవీని చంకనేసుకుని మేడంకు ఫోన్ చేసింది. దాచకుండా అన్నీ చెప్పింది. ఫోన్ రాసిన కథ, మామ రాసిన పేజీలు, తలకిందుల చదువు.

"అంటే నువ్వు పంపిన కథ కూడా నువ్వు చదవలేదన్నమాట," అంది గిరిజ మేడం.

"లేదు మేడం."

"నాగరి అక్షరాలు నేను చదవగలను. కానీ తరగతిలో ఒకరి పేజీలు ఒకరు చదవాలమ్మా. మిగతా పదకొండు మంది ఏం చేస్తారు? ఇంకొకరి చేత రాయించినది నేను తీసుకోను. అది అందరికీ చెప్పిన మాటే, నీకొక్కదానికి సడలిస్తే ఎట్లా?"

ప్రణాలి ఓవీని ఇంకో చంకకు మార్చుకుంది. "సీటు పోయినట్టేనా మేడం?"

"ఇరవై అడగను. నీ చేత్తో, తెలుగులో, ఒక్కటంటే ఒక్క పేజీ పంపు. పదిహేనుకల్లా అందాలి. చూసి చెప్తాను. ఆశ పెట్టుకోమని మాత్రం చెప్పడం లేదు."

ఆ మధ్యాహ్నం ఆమె పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే బాపయ్య తల అడ్డంగా ఊపాడు.

"అటు కూసుంటె మల్ల ఉల్టానే వస్తది. ఇటు రా. నా పక్కకు."

ప్రణాలి కదలలేదు. వంటింటి వైపు చూసింది.

"చూస్తవేంది నా దిక్కు?" అంది గౌరమ్మ లోపలి నుంచి. "కూసో. కోడలు పక్కన కూసుంటె మా అన్నకేం మీసాలు ఊడవు."

కూర్చుంది. ఒళ్లంతా ముడుచుకుని, చాప అంచు మీద. మొదటి రోజు మూడు వరుసలు. చెయ్యి అక్షరాన్ని అవతలి చివర నుంచి మొదలుపెట్టబోతుంది, బాపయ్య "ఊహూ" అంటాడు, కొట్టేసి మళ్లీ రాస్తుంది. "పరుగెత్తితిని అని రాయరాదు, మంచిగుంటది" అని ఆయన ఉండబట్టలేక ఒకసారి అన్నాడు. "ఉరికిన" అనే రాసింది. రెండో రోజు ఓవీ ఒళ్లు కాస్త వెచ్చగా తగిలితే పెన్ను వదిలేసింది. థర్మామీటరు పెట్టింది, మందు పోసింది, తడిగుడ్డ వేసింది. సాయంత్రం దాకా పక్కనుంచి లేవలేదు. ఆ రోజు ఒక్క వరుసా లేదు. మూడో రోజు పిల్ల ఆడుకుంటుంటే ఒక కన్ను దాని మీద, ఒక కన్ను కాగితం మీద. గౌరమ్మ తమ్ముడి ముచ్చట కూడా పేజీలోకి వచ్చింది. ఆ నాలుగు వరుసలు బాపయ్య చూసి, ఏమీ దిద్దకుండా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాలుగో రోజు ఎల్లేష్ దుకాణం పని మధ్యలో వదిలి వచ్చి స్పీడు పోస్టు చేసి వచ్చాడు.

"ఏం బరువున్నది మేడం! పోస్టు బాబు ఒక్క కాగితమేనా అన్నడు. ఒక్కటే గని మా ఇల్లు మొత్తం దాంట్ల ఉన్నదని చెప్పిన."

"నిజంగ గట్ల చెప్పినవా?"

"లేదు. చిల్లర లేదంటె కొట్లాడుకుంట ఉన్న."

పదిహేను దాటింది. పదహారు దాటింది. గ్రూపులో ఎవరో జూలై మొదటి తరగతికి కట్టుకునే చీర ఫోటో పెట్టారు. ప్రణాలి ఫోన్ మోగితే ఉలిక్కిపడేది, మోగకపోతే పాడైందేమోనని తీసి చూసేది. పంతొమ్మిదిన, మొదటి వాన చినుకులు రేకుల మీద పడుతుండగా, మేడం గొంతు వచ్చింది.

"ప్రణాలీ, పేజీ అందింది. అక్షరాలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు పోతున్నాయి. చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. చదివాను. సీటు దసరా దాకా నీదే. వారానికో పేజీ ఇదే చేత్తో పంపాలి. దసరా నాటికి చెయ్యి కుదురుకోకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాను, ముందే చెబుతున్నాను. ఇంకో మాట. మీ అత్తగారి సంగతి దాచకుండా రాశావు. నీ సంగతికొచ్చేసరికి, దవాఖానాలో పాప కళ్లు తెరిచింది అని పేజీ ఆపేశావు. పాప కళ్లు తెరిచినప్పుడు నువ్వెక్కడున్నావు? చోటు చాలక ఆపావా, చెప్పడం ఇష్టం లేక ఆపావా? నీ మొదటి వారం పేజీ అదే."

"ఏమంటది మీ మేడం?" అంది గౌరమ్మ.

"సీటిచ్చింది అత్తా. దసరా దాంక."

"మల్ల గా మొఖం ఏంది? పోయినట్టు చెప్తున్నవ్."

ప్రణాలి నవ్వబోయింది, కుదరలేదు. పెన్ను తీసుకుని గడపలో కూర్చుంది. బాపయ్య నిద్రపోతున్నాడు. ఈ పేజీకి ఆయన పక్కన ఉండనక్కర్లేదు.

పాప కళ్లు తెరిచినప్పుడు ఆమె మంచం దగ్గర లేదు. చెప్పులు లేకుండా ఉరికిందన్న సంగతి దవాఖానాలో నర్సు పిల్లను అందుకున్నాక గానీ ఆమెకు తెలియలేదు. తెలిసిన క్షణం నుంచి అరికాళ్లు నిలబడనివ్వలేదు. నడవా చివర కుళాయి ఉంటే అక్కడికి పోయి, కాళ్ల మీద నీళ్లు వదులుకుంటూ కూర్చుంది. లోపలి నుంచి నర్సు కేక వేసింది, ఆయీ ఎక్కడ, పిల్ల తల్లి ఎక్కడ అని. వినబడింది. స్పష్టంగా వినబడింది. అప్పటికి ఒక కాలే చల్లబడింది. రెండో కాలు కూడా నీళ్ల కింద పెట్టి, కళ్లు మూసుకుని, ఇంకాసేపు అక్కడే ఉంది. ఈ సంగతి ఎల్లేష్‌కు తెలియదు. ఆమె కూడా తనకు తెలియనట్టే ఏడాది గడిపింది.

"నర్సు పిలిచింది" అని రాసింది. "ర్సు" దగ్గర చెయ్యి తడబడింది. కొట్టేసి మళ్లీ రాసింది. "నాకు వినబడ్డది."

తర్వాతి మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. ఓవీ వానలో చెయ్యి చాపి నీళ్లు పట్టుకుంటోంది. బయట తీగె మీద బట్టలు తడుస్తున్నాయి.

"ఓ పిల్లా, బట్టలు!" అని గౌరమ్మ కేక వేసింది.

"వస్తున్న అత్తా," అంది ప్రణాలి. లేవలేదు. కాగితం మీద ముందు "నే" రాసింది, తర్వాత "ను".